ప్రొద్దుటూరులో అచ్చయిన యూరప్ ఓట్లు

"ప్రింటరు పేరు హబీబుల్లా. ప్రొద్దుటూరు. నిన్నటిదాకా పెళ్లిపత్రికలు వేసేవాడు," అన్నాడు చీఫ్ ఆదినారాయణ. "ఇప్పుడు యూరప్ పార్లమెంటు బ్యాలెట్లు వేస్తున్నాడు."

ఏజెంట్ మొయిన్ నవ్వలేదు.

ఒక యూరప్ దేశపు ఉత్తర నియోజకవర్గం నుంచి ఆ పార్లమెంటుకు ముగ్గురు ఎన్నికవుతారు. మూడో సీటు తమ మనిషికే దక్కాలని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. పరదేశాల్లోని ఓటర్లు పోస్టులో పంపే బ్యాలెట్లకు నలభై వేల నకళ్లు సిద్ధమవుతున్నాయి.

"వాళ్ల ప్రభుత్వం రహస్యంగా సాయం అడిగింది. పోలీసులకు తెలియకూడదు. సరుకు దేశం దాటకూడదు. ఆ ముఠాలో మన ఏజెంట్ వర్షిత ఉంది."

మొయిన్ కువైట్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు వేషంలో ప్రెస్సుకు వెళ్లాడు. ముసలి హబీబుల్లా చాయ్ తెప్పించాడు.

"ఇవేంది మామా?"

"ఏందో సర్వే కాగితాలంటప్పా. ఏ భాషో నాకు తెలీదు. ఈ నీలం రంగు కుదరడానికే నాలుగు దినాలు పట్టె. శానా బాగొచ్చింది గదా?"

"బాగొచ్చింది," అన్నాడు మొయిన్, కట్టల మధ్య గోరంత ట్రాకర్ జారవిడుస్తూ.

మూడో రోజు మధ్యాహ్నం. సరుకు జమ్మలమడుగు వస్తుందని వర్షిత చెబితే మొయిన్ అక్కడ కాపు కాశాడు. ఫోన్లో ట్రాకర్ చుక్క మాత్రం పులివెందులలో ఉంది. అంతలో ఆమె నుంచే ఫోన్ వచ్చింది.

"హబీబుల్లాను గండికోట లోయ అంచున నిలబెట్టాం. గంటలో నువ్వొక్కడివే వస్తే బతుకుతాడు."

"నువ్వు మా మనిషివి వర్షితా."

"మీ మనిషినే. వాళ్ల మనిషిని కూడా."

గండికోట పడమరన, పులివెందుల దక్షిణాన. మొయిన్ ఆమె లైను హోల్డులో పెట్టి, ఎటు వెళ్లాలని చీఫ్‌ను అడిగాడు.

"సరుకు," అన్నాడు చీఫ్, అంతే.

మొయిన్ జీపును దక్షిణానికి తిప్పాడు. వర్షిత లైను ఇంకా తెరిచే ఉంది. గంట కావస్తుండగా అందులో ముసలాయన గొంతు వినిపించింది.

"ఎవరప్పా నువ్వు? వస్తాండావా?"

మొయిన్ జీపు వేగం పెంచాడు. "వస్తాండా మామా."

కాసేపటికి ఫోన్లో గాలి చప్పుడే మిగిలింది.

పులివెందుల దాటాక కదిరి రోడ్డు మీద చీనీకాయల లారీ ఆగి ఉంది. పక్కనే ఎంబసీ నంబరు ప్లేటున్న కారు. సరుకు అందులోకి ఎక్కితే ఇక ఎవరూ ముట్టుకోలేరు. డ్రైవరు మొదటి కట్ట ఎత్తబోతుండగా మొయిన్ అగ్గిపెట్టెంత నిప్పుబాంబు లారీలోకి విసిరాడు. నలభై వేల ఓట్లు చీనీకాయలతో కలిసి కాలిపోయాయి.

హబీబుల్లా శవం రెండో రోజు పెన్నలో దొరికింది. సెల్ఫీ తీసుకుంటూ జారిపడ్డాడని పేపర్లో వేశారు. వర్షిత ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు.

పదిహేను రోజులకు ఫలితాలు వచ్చాయి.

"మూడో సీటు ముఠా మనిషికే వచ్చింది," అన్నాడు చీఫ్.

"దొంగ ఓట్లతోనా?"

"ఒక్కటి లేదు. అన్నీ అసలువే. ఎన్నిక ఇంత శుభ్రంగా ఎప్పుడూ జరగలేదని వాళ్ల ప్రభుత్వం మనకు థాంక్స్ చెప్పింది."