పేరు అడిగే మరపు

పొద్దున్న పొయ్యి వెలిగించేలోపే వీరవేణి చెవిపూస మాటలు మొదలుపెట్టింది. డబ్బాలో బియ్యం రెండు పూటలకే వస్తాయంది. మోకాలికి నూనె రాయడం మూడు రోజులుగా మానేశావంది. "మీ ఆయన కాలవ లాకు కుడిగట్టు మీద కూర్చున్నారు, చుట్ట అంటించారు" అని కూడా చెప్పింది. వీటిలో ఒక్కటీ ఆవిడ అడగలేదు. అడక్కముందే చెప్పడమే ఆ పూసలోని ఎరుక అనే వెతుకుడు యంత్రం గొప్ప. ఒకప్పుడు మనుషులు వెతుకుడు యంత్రాన్ని అడిగితే అది వెతికిపెట్టేదట. ఇప్పుడు అదే మనుషుల్ని వెతుక్కుంటూ ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కోనసీమలో ఎరుక పూస లేని చెవి అరుదు.

వీరవేణి అడగాలనుకున్నది మాత్రం ఒకటి గొంతులోనే ఉండిపోయింది. ఆయన మొన్న చొక్కా మీద చొక్కా తొడుక్కున్నారు. నిన్న సొంత పెరట్లో నిలబడి, "మనింటికి ఎటెళ్ళాలే?" అన్నారు. దీనికి మందేమిటి?

అడిగితే ఆ మాట ఎరుక దాచుకుంటుంది. దాచుకున్నది కాలవల ఆఫీసుకు చేరుతుంది. లాకు తలుపులు ఇప్పుడు వాటంతటవే నీటిమట్టం చూసుకుని తెరుచుకుంటాయి. అయినా పడవ దాటే ముందు ఒక మనిషి "సరే" అనాలని చట్టం. ఆ సమ్మతిదారు ఉద్యోగం ఆయనది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని సరే అంటున్నారు. మతి తప్పుతోందని తెలిస్తే సాయంత్రానికల్లా కుర్చీ లాగేస్తారు. కుర్చీ పోయాక మనిషి ఎన్నాళ్ళో నిలవడని ఆవిడ భయం.

దారి చూపించింది పక్కింటి సుభద్ర.

"ఎరుక తీయించేసి మరపు పూస పెట్టించుకో వదినా. అడిగినదానికి చెప్తాది, చెప్పింది మర్చిపోద్ది. మేం ఎప్పుడో మార్చేశాం."

"మీ ఇంట్లో అంత దాచుకునే గుట్టేముందే?"

"ఏ గుట్టూ లేదని ఊరందరికీ తెలిస్తే ఇంకేం పరువుంటాదీ?"

ఇంటికంతటికీ ఒకటే వెతుకుడు ఉండాలని నియమం. వీరవేణి పంచాయతీ ఆఫీసులో తను వేలిముద్ర వేసి, ఆయన చేతా వేయించింది. "దేనికే ఇది?" అంటే, "ఓట్లకి లెండి" అంది. అక్కడే ఇద్దరి పాత పూసలూ తీసుకుని, వాటిలోని జాడలన్నీ చెరిపేసి, మరపు పూసలు పెట్టారు.

మరపు పూస ఒద్దికగా ఉంది. అడిగితేనే పలికేది. గంటసేపు అడిగితే గంటసేపూ ఓపిగ్గా చెప్పింది: ఏ డాక్టరుకు చూపించాలి, ఏం పెట్టాలి, ఒంటరిగా వదలకూడదు. చివర, "ఈ మాటలన్నీ చెరిపేశాను" అంది. ఆ రోజు వీరవేణి కడుపునిండా అన్నం తింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం వడ్డించి చూస్తే ఆయన లేరు. పరుగున వెళ్ళి చూస్తే లాకు దగ్గర కుర్చీ కూడా ఖాళీగా ఉంది. సరే అనేవాళ్ళు లేక ఒక పడవ నీళ్ళలో ఆగి ఉంది.

"మా ఆయన ఎక్కడున్నారు?"

"మీరెవరో, మీ ఆయనెవరో నాకు తెలియదండి," అంది మరపు. "పేరు చెప్తే ఊరి చాటింపుల్లో వెతుకుతాను."

 వీరవేణికి పెళ్ళయి నలభై ఏళ్ళు. ఒక్కసారైనా మొగుడి పేరు పలకలేదు. పూర్వం ఆడవాళ్ళు ఆస్పత్రిలోనో ఆఫీసులోనో తప్పక చెప్పేవారట. ఎరుక వచ్చాక ఆ అవసరమూ తీరింది. మా ఆయన అంటే చాలు, ఎవరో దానికి తెలుసు. ఎప్పుడో పోవలసిన ఆచారం దాని పుణ్యాన పచ్చగా బతికిపోయింది.

"కొండలండి," అంది గొంతు తగ్గించి. "ఎన్నంటే... ఆరు తర్వాతది."

"ఆరు తర్వాత ఏడు. ఈ చుట్టుపక్కల కొండలు లేవండి."

"నీ మొహం! వెంకన్న బాబు ఉండేవి!"

"దర్శనం వేళలు చెప్పమంటారా?"

సుభద్ర పరుగెత్తుకొచ్చింది. "పేరు చెప్పెయ్ వదినా, కొంప మునుగుద్ది!"

"నువ్వు చెప్పవే!"

"నేను అన్నయ్యగారనే కదా అంటాను. అసలు ఆయన పేరేంటి?"

వీరవేణి పూస పీకి సుభద్ర చేతిలో పెట్టి గట్టెక్కింది. కళ్ళు మూసుకుని, ఉన్న ఊపిరంతా పట్టి అరిచింది.

"ఏడుకొండలూ! ఓ ఏడుకొండలుగారూ!"

మనిషిని మనిషి కేకేసి పిలవడం ఆ గట్టు విని ముప్పై ఏళ్ళయింది. ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చారు. ఎవరు, ఏమైందని అడిగారు.

"మా ఆయనండి. మతి నిలవడం లేదు. ఇల్లు కూడా గుర్తుండడం లేదండి. ఎటో వెళ్ళిపోయారు."

యంత్రానికి తెలియకుండా కాపాడుకున్నదంతా గట్టు మీద తన నోటితోనే చెప్పేసింది. ఆగిపోయిన పడవ సరంగు చెయ్యి చాపి చూపించాడు. "పాత రేవులో ఎవరో పెద్దాయన దిగుతున్నాడమ్మా!"

ఏడుకొండలు రేవు మెట్ల మీద, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఆ కింద ఇంకొక్క మెట్టే ఉంది, తర్వాత లోతే.

"ఏడుకొండలుగారూ, ఆగండి!" అంది వీరవేణి పై మెట్టు మీంచి.

ఆయన తలతిప్పి, పరాయి ఆడమనిషిని చూసినట్టు చూశారు. "ఎవరండీ మీరు?"

"నేనేనండి, వేణిని. మీ ఆవిడని."

"మా ఆవిడ నా పేరు చెప్పదండి," అన్నారు ఆయన మర్యాదగానే. "చచ్చినా చెప్పదు." అని దూరం జరగబోయి, ఇంకో మెట్టు దిగారు. నీళ్ళు నడుం తాకాయి.

వెనక జనం కేకలేశారు. వీరవేణి చెయ్యెత్తి వాళ్ళను ఆపింది. కొంగుతో మొహం తుడుచుకుని, వంటింట్లోంచి పిలిచినట్టు పిలిచింది.

"ఏవండీ, అన్నం చల్లారిపోతోంది."

"ఆఁ, వస్తన్నానే," అని ఆయన మెట్లెక్కి వచ్చారు. తడిచేత్తో ఆవిడ భుజం పట్టుకుని, ఎవరికీ వినపడకుండా చెవిలో చెప్పారు. "ఇప్పుడే ఎవరో ఆడమనిషి నన్ను పేరుపెట్టి పిలిచిందే."

"పోనిద్దురూ," అంది వీరవేణి. "ఎవరో మిమ్మల్ని ఎరగని మనిషి."