అమ్మ పంచిన చదువు

"కాలేజీ ట్యూషన్ ఖర్చంతా సైన్యమే పెడుతుంది నాన్నా" అని కూతురంటే, చెవి మందగించిన తండ్రికి "స్టేషన్" అని వినిపించింది. పొద్దున్నే పోలీసులతో ఏం పనని కాఫీ వదిలేసి చొక్కా వెతుక్కున్నాడు. సంగతి విడమరిచి చెప్పేసరికి ఆయన కాఫీ చల్లారింది, కూతురి బుర్ర వేడెక్కింది.

సైన్యంలో రేడియో ఆపరేటరు ఆమె. ఇంటికి సెలవు మీద వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ సెలవిస్తున్నది మాత్రం అమ్మే. కొలువు చేసినందుకు దక్కే చదువు ఖర్చును ఆమె తనకే వాడుకోవచ్చు, కాదంటే ఇంట్లో ఒకరికి రాసివ్వొచ్చు. తమ్ముడికివ్వమని అమ్మ పట్టు. వాడికి ఇంజనీరింగంటే ప్రాణమట. అదే చదువు మీద తనకూ ప్రాణమున్న సంగతి ఎవరడిగారు? ఎదురుగా లేనివాళ్ల తరఫున అమ్మే వకాల్తా పుచ్చుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఎదురుగా లేనిది తనే.

బేకరీలో పనిచేసే తమ్ముడు మోచేతుల దాకా పిండితో అప్పుడే వచ్చాడు. ఆమె చదువు ఖర్చు రాసిచ్చే కాగితం ముందేసుకుని విసుగ్గా పెన్ను తీసింది.

"సంతకం పెట్టేస్తున్నా. నీ కల నిజమైందిగా, సంతోషించు."

"నా కలేంటక్కా? లెక్కలంటేనే నాకు కళ్లు తిరుగుతాయి. నన్ను ఇంజనీరుగా చూడకపోతే నీకు నిద్రపట్టదని అమ్మ చెబితే, సరేలెమ్మని తలూపాను. నా ప్రాణమంతా ఆ పొయ్యి దగ్గరే."

ఇద్దరూ అమ్మ వైపు తిరిగారు. ఆవిడ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తోంది.

"ఇద్దరికీ రెండు కథలు చెప్పావన్నమాట. ఎందుకమ్మా?"

అమ్మ గిన్నె మీంచి చూపు తిప్పకుండానే అంది. "నువ్వక్కడున్నది ఆ చదువు ఖర్చు కోసమేగా, అది వాడు వాడేసుకుంటే ఇక నీకక్కడేం పని? కొలువు మానేసి ఇంటికొచ్చేస్తావనుకున్నానే."

కోపంతో లేచిన కూతురు అలాగే కూలబడింది.

"వేరేవాళ్లకు రాసిస్తే నేనింకో నాలుగేళ్లు అక్కడే ఉండాలమ్మా. అదీ నిబంధన. నేనే చదువుకుంటే వచ్చే నెలలో బయటపడి, ఈ ఊరి కాలేజీలోనే చేరతాను. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరతాను."

గిన్నె అమ్మ చేతిలోంచి జారింది. ఆ చప్పుడుకి తండ్రి ఏమైందన్నాడు. తమ్ముడు ఆయన చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పాడు. "అక్కను ఇంటికి రప్పించుకోవాలని, అమ్మే ఇంకో నాలుగేళ్లు అక్కడికి సాగనంపబోయింది నాన్నా."

అమ్మ కళ్లు తుడుచుకుని కూతురి పక్కన కూర్చుంది. ఎన్నాళ్లకో ఆవిడ నోట ఒక ప్రశ్న వచ్చింది.

"నువ్వేం చదవాలనుకుంటున్నావే?"