తాళంచెవి లేని స్కూటర్

"సాయంత్రం నాలుగింటికి మైక్రోఫిల్మ్ ఆ దీవి దాటుతుంది. దాటకూడదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కుర్చీ అంచున కాలు ఊపుతూ కూర్చున్నాడు. ఒక్కచోట కుదురుగా ఉండడని డిపార్ట్‌మెంట్‌లో అతనికి తూనీగ అని పేరు.

"ఫిల్మ్‌లో ఏముంది సార్?"

"శత్రుదేశంలో మారుపేర్లతో బతుకుతున్న మనవాళ్ళు ఇరవై ఒక్కమంది. పేర్లు, అడ్రసులు. ఏడో పేరు..." చీఫ్ కళ్ళజోడు తీశాడు. "మీ అన్నయ్యది."

తూనీగ కాలు ఆగిపోయింది. అన్నయ్య ఆరేళ్ళుగా అక్కడ దర్జీ వేషంలో ఉన్నాడు. ఫిల్మ్ చేరితే రేపు తెల్లారేసరికి అక్కడి పోలీసులు అతని తలుపు తడతారు.

"వేరే ఎవరినైనా పంపనా?"

"వద్దు సార్. నేనే వెళ్తాను."

పదకొండింటికల్లా పూలచొక్కా, గడ్డిటోపీ, మెడలో కెమెరాతో టూరిస్టు వేషంలో దీవిలో దిగాడు. జేబులో సన్‌స్క్రీన్ ట్యూబ్. అందులో ఉన్నది మాత్రం మత్తు స్ప్రే. బీచ్‌లో పసుపు టోపీ పెట్టుకున్న అందగత్తె పక్కన ఆగాడు.

"ఇక్కడి కెరటాలకు విశ్రాంతి ఉండదా?"

"వాటికింకా సెలవు మంజూరు కాలేదు."

కోడ్ సరిపోయింది. దీవిలో డిపార్ట్‌మెంట్ మనిషి ఆమె ఒక్కతే. "గడ్డం టూరిస్ట్, ఎర్ర స్కూటర్. సరుకు అతని దగ్గరే ఉంది. కళ్ళు తిప్పకండి," అంది.

తూనీగ ఓ స్కూటర్ అద్దెకు తీసుకుని, బ్రేకు చూసి, అలవాటుగా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. షాపు పెద్దావిడ నవ్వింది.

"తాళం బండికే వదిలెయ్ బాబూ. ఇక్కడెవరూ తీసి దాచుకోరు. దొంగ ఎత్తుకెళ్ళి ఎంత దూరం పోతాడు? ఇరవై కిలోమీటర్లు చుట్టి మళ్ళీ నా షాపు ముందుకే రావాలి! ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకుంటారు. మాకదే పద్ధతి."

గడ్డంవాడు దీవి చుట్టూ తిరిగాడు. వెనకే తూనీగ. ఎడమవైపు ఎప్పుడు చూసినా సముద్రమే. గడ్డంవాడు కొండ మలుపులో ఫొటోలు తీశాడు, కొబ్బరిబొండాం తాగాడు, మళ్ళీ బయల్దేరాడు. గానుగెద్దులా మూడు చుట్లు. వాచీ చూసినప్పుడల్లా తూనీగకు అన్నయ్య కుట్టుమిషను ముందు వంగి కూర్చుని ఉన్నట్టు కనిపించేది. భయమేసింది. ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు.

మూడున్నరకు గడ్డంవాడు ఇసకలో పడుకుని గురకపెట్టాడు. దొంగసరుకు మోసేవాడు గురకపెట్టడు. సంచి వెతికితే ఒక తువ్వాలు, రెండు గవ్వలు దొరికాయి. పసుపు టోపీ తనని కావాలనే తిప్పిందని తూనీగకు అప్పుడర్థమైంది. బోటు ఆగడానికి దీవిలో ఉన్నది ఒకటే జెట్టీ. అక్కడికి దూకుడుగా పోనిచ్చాడు.

టైము మూడూ యాభై. జెట్టీ మొదట్లో వరసగా పన్నెండు స్కూటర్లు ఉన్నాయి. పదకొండు బళ్ళకు తాళంచెవులు వేలాడుతున్నాయి. పన్నెండోదానికి తాళంచెవి లేదు, హ్యాండిల్ లాక్ వేసి ఉంది. పక్కనే ఒక జాలరి వల బాగుచేసుకుంటున్నాడు.

"ఈ బండి మీదేనా పెద్దాయనా?"

"నాదే."

"ఈ ఊరేనా?"

"తాతలనాటి నుంచీ ఇక్కడే."

"మరి బండికి తాళం ఎందుకేశారు?"

జాలరి చేతులు ఆగిపోయాయి. అదే క్షణాన తూనీగ వీపుకు పిస్టల్ తగిలింది.

"కదలకు తూనీగా," అంది పసుపు టోపీ. అంతవరకూ ఉన్న 'మీరు' మర్యాద ఎగిరిపోయింది.

కంచే చేను మేసిందన్నమాట. జాలరి తాళం తీసి, సీటు కింది నుంచి ఫిల్మ్ దాచిన చిన్న గొట్టం లాగి, జెట్టీ చివరికి పరుగు తీశాడు. అక్కడ అప్పుడే ఒక విదేశీ బోటు ఆగుతోంది.

"చంపేముందు ఎండలో నిలబెట్టడం అన్యాయం మేడమ్. కాస్త సన్‌స్క్రీన్ రాసుకోనివ్వండి."

ఆమె నవ్వింది. తూనీగ ఊపిరి బిగబట్టి, భుజం మీదుగా ట్యూబ్ నొక్కాడు. ముందు టోపీ కిందపడింది, తర్వాత ఆమె.

జెట్టీ పొడవు అరకిలోమీటరు. జాలరి సగం దాటేశాడు. తూనీగ చేతికి దగ్గరగా ఉన్న స్కూటరెక్కి, వేలాడుతున్న తాళంచెవి తిప్పాడు. చెక్కలు దడదడలాడాయి. బోటులోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. జాలరి గొట్టం అందించబోయాడు. ఆ రెండు చేతుల మధ్య నుంచి దూసుకెళ్ళిన తూనీగ గొట్టంతో సహా, స్కూటర్‌తో సహా సముద్రంలో పడ్డాడు.

పైకి తేలేసరికి బోటు తోక ముడిచింది. జాలరిని జెట్టీ కూలీలు పట్టుకున్నారు. గొట్టం తూనీగ పిడికిట్లోనే ఉంది. ఒడ్డున కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు.

ఆ రాత్రి జెట్టీ ఆఫీసు ఫోనులో చీఫ్ దొరికాడు.

"గండం గడిచిందని మీ అన్నయ్యకి కబురందింది. నువ్వు దీవిలో ఉన్నావంటే ఒకటే అడిగాడట, 'వాడు అక్కడైనా కాసేపు కూర్చున్నాడా?' అని."

తూనీగ నడుం పట్టుకుని మూలిగాడు. "పొద్దుట్నుంచీ కూర్చునే ఉన్నానని చెప్పండి సార్. స్కూటర్ మీద."