పొడుగు నారు

“పైరును పొగిడి చంపుతారు,” అంది చీఫ్ గోదాదేవి.

తిరుపతిలో, పైకి టూర్ బుకింగ్ ఆఫీసులా కనిపించే గది అది. టేబుల్ మీద రెండు గ్లాసుల్లో వరినారు. ఒకటి జానెడు, ముదురు పచ్చ. రెండోది దానికి రెట్టింపు ఎత్తు, సన్నగా, పాలిపోయి.

ఏజెంట్ ధనశేఖర్ పొడుగుదాన్ని ముట్టుకున్నాడు. వాలిపోయింది.

“ఫ్యూజేరియం అనే బూజు,” అంది గోదాదేవి. “మొక్క తన ఎదుగుదలకు తయారుచేసుకునే జిబ్బరెల్లిన్ హార్మోన్‌ని ఇదీ తయారుచేస్తుంది, మోతాదు లేకుండా. నారు ఎగబాకుతుంది, రైతు మురిసిపోతాడు. తర్వాత కొంత చస్తుంది, మిగిలింది తాలు వేస్తుంది.”

“లాభం ఎవరికి?”

“హెల్మర్‌కి. విదేశీ రింగ్ లీడరు. జబ్బు పంచేదీ వాడే, తట్టుకునే విత్తనం అమ్మేదీ వాడే. రేపు పుత్తూరు పక్క గోడౌన్ నుంచి మూడు డ్రోన్లు. ‘ఉచిత టానిక్ స్ప్రే’ అట! లోపల మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్, ఆచారం.”

మరునాడు నుదుట నామంతో, పంచెతో, రిటైర్డ్ టీచర్ రామానుజాచార్యులుగా ధనశేఖర్ గోడౌన్ ముందున్న రైతుల్లో కలిశాడు. ఎడమచేతికి, ఎముక విరిగినట్టు, పుత్తూరు కట్టు. వెదురు బద్దల మధ్య డ్రోన్ల సిగ్నల్ ఆపే జామర్. కంట్రోల్ బల్లకి దగ్గరగా ఉంటేనే పనిచేస్తుంది.

బల్ల వెనక హెల్మర్ ఇంగ్లీషులో నవ్వాడు. “వీళ్లకి ఎత్తు చూపిస్తే చాలు. గింజ సంగతి అడగరు.”

పక్కన వాడి దుబాసీ, నల్లకళ్లద్దాల రూపశ్రీ రైతులకు తెలుగులో చెప్పింది. “మీ మేలే ఆయన మేలంట!”

అమ్ముడుపోయిన గొంతుక్కూడా ఇంత తీపా అని ధనశేఖర్ అసహ్యించుకున్నాడు. ఒక అడుగు ముందుకేశాడు. కాపలాదారు చిన్నబ్బ అడ్డొచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు.

“యాడ కట్టించుకున్నారు సామీ? పుత్తూరు కట్టంటే గుడ్డు సొన పూస్తారు గదా. గుడ్డు వాసనే రాలేదే!”

లాబ్‌లో కట్టు కట్టినవాళ్లు అన్నీ తెచ్చారు, గుడ్డు మరిచారు. చిన్నబ్బ చెయ్యి కట్టు మీదికి వచ్చింది.

“తూ! నామం పెట్టుకున్నాయనకి గుడ్డు పూస్తారా అప్పా?” రూపశ్రీ గొంతు కొరడాలా తగిలింది. “ఉత్త ఆకుపసరుతో కడతారు. వాళ్ల ఆచారం. మీ నాయన నేర్పలేదా?”

చిన్నబ్బ చెంపలేసుకున్నాడు. “తప్పయిపోయింది సామీ. ఎండలో నిలబడొద్దు, రాండి.” కుర్చీ తెచ్చి నీడలో వేశాడు. కంట్రోల్ బల్ల పక్కనే.

ధనశేఖర్ కూర్చున్నాడు. హెల్మర్ వేలు బటన్ నొక్కింది. రెక్కలు గిర్రున తిరిగాయి. డ్రోన్లు మూరెడు లేచాయి. ధనశేఖర్ కట్టు లోపల స్విచ్ నొక్కాడు. మూడూ నేల మీద కూలబడ్డాయి. ట్యాంకుల మూతలు ఊడలేదు, అదొక్కటే వాటి మంచితనం.

“మళ్లీ!” హెల్మర్ అరిచేలోపు గుంపులోని మఫ్టీ పోలీసులు వాడి రెండు చేతులూ వెనక్కి విరిచారు. వాడు రైతుల వైపు ఉమ్మేశాడు. ఉమ్ము వాడి బూటు మీదే పడింది.

జీపు దగ్గర రైతు గురప్ప ఎదురయ్యాడు. వెనక అతని నారుమడి జానెడు ఎత్తున పచ్చగా ఊగుతోంది.

“ఊరికే వచ్చే మందు గూడా పడనీరు గదరా! పక్కూరోళ్ల నారు సూడు, ఎంత పొడుగుండాదో. మీ మొకాలు మండ!”

ఆ పక్కూరికి దారెటని ధనశేఖర్ చాలా మర్యాదగా అడిగాడు.