ముందు వరసలో ఖాళీ కుర్చీ

నూకరత్నం అన్నంలో రాజ్మా కూర కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే లోపే లిదియా గెస్ట్‌హౌస్ మెట్లెక్కి వచ్చేసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“డిటెక్టివ్ మీరేనా మేడమ్? మూడు గంటలకి నన్ను స్టేజీ ఎక్కి క్షమాపణ సెప్పమంటన్నారు. నేను సెప్పను. రాయని రాతకి నేనెందుకు సెప్పాల?”

మామూలుగా నూకరత్నం దగ్గరికి వచ్చేవాళ్ళు భయంతో వణుకుతూ వస్తారు. ఈ అమ్మాయీ వణుకుతోంది, కానీ ఒళ్ళు మండి. పక్కన కూర్చున్న ఫల్గుణ ఆ తేడా ఇట్టే పట్టేశాడు. పద్దెనిమిదేళ్ళు ముంచింగిపుట్టు రూట్లో జీపు తోలినవాడు, మనిషి మొహం చూసి మనసు చెప్పగలనని అతని ధీమా. ఐదేళ్ళ క్రితం ఎవరో అతని జీపులో దొంగసరుకు పెట్టి ఇరికిస్తే నూకరత్నమే బయటపడేసింది. అప్పటినుంచి ఆవిడకి డ్రైవరూ అతనే, సహాయకుడూ అతనే, భక్తుడూ అతనే. ఆవిడ విశాఖలో టెలిఫోన్ ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ బోర్డు కట్టిన మనిషి, ఏదో కేసు పని మీద అరకు వచ్చింది. ఎవరేం చెప్పినా “ఊఁ” అంటూ ఆఖరిదాకా వింటుంది. సగం కేసులు ఆ ఊకొట్టడంలోనే తేలిపోతాయంటాడు ఫల్గుణ.

“కూకో అమ్మా. నీళ్ళు తాగి, ఏటైందో మొదట్నించి సెప్పు.”

లిదియా చెప్పింది. విశాఖ నగరంలో ఏటా జరిగే చిత్రోత్సవం చివరి రెండు రోజులూ ఈసారి అరకులో పెట్టారు. ఆమె అనంతగిరి దగ్గర మిషన్ స్కూల్లో టీచరు. నాలుగేళ్ళుగా సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్ళి, ఆ ఉత్సవంలో చూసిన ప్రతి సినిమా గురించీ కొండజనానికి తెలిసే మాటల్లో బ్లాగు రాస్తోంది. ఈరోజు ఉదయం పది యాభైకి ఆమె బ్లాగులో, ఆమె పేరుతో, ఒక పోస్టు వెలిసింది: ‘జడ్జీలు సినిమాలు చూడకుండానే బహుమతి ఎవరికో తేల్చేశారు. ఉత్సవమంతా నాటకం.’ జడ్జీలు పెట్టె సర్దుకుంటామన్నారు. కార్యదర్శి సర్వేశ్వరరావు లిదియా బ్యాడ్జి లాగేసుకున్నాడు. మూడింటికి క్షమాపణ చెప్పకపోతే పోలీసు కంప్లయింటు, దానితోపాటు మూడున్నరకి ఊళ్ళవాళ్ళ కోసం వేసే ఉచిత ఆట రద్దు.

“ఆ ఆట కోసం రెణ్ణెల్లు తిరిగేను మేడమ్. ‘గెడ్డ అవతల’ అంటే వాగవతలి మా ఊళ్ళ సినిమా. మా ధర్మన్న తీసేడు. జనం అప్పుడే ఆటోలెక్కేసేరు. దార్లోంచి ఎలా తిప్పి పంపుతాను?”

“పది యాభైకి నువ్వెక్కడున్నావు?”

“హాల్లోనే. పదింటికి ఆ సినిమాకే ఎల్లేను. నా కుర్సీ ఓ ముసలాయనకిచ్చి ఎనక నేల మీద కూకున్నాను. సీకట్లో నన్నెవలు సూసేరు?”

“నీ బ్లాగులోకి వేరేవోళ్ళు ఎలా ఎల్లేరు?”

లిదియా మొదటిసారి తల దించుకుంది. “అది నా తప్పే. తొమ్మిదిన్నర నించి కాఫీగదిలో కంప్యూటర్ మీద ఫొటోలు పెడతన్నాను. బొమ్మేసేత్తన్నారు బేగి రమ్మని కాఫీ కాసే రత్నాలు కేకేసింది. లాగౌట్ సెయ్యకుండా పరిగెట్టేను.”

ఉత్సవం జరిగే హాలు కొండ మలుపులో ఉంది. అక్కడ ఏ ఫోనుకీ సిగ్నల్ అందదు. ఇంటర్నెట్ ఉన్నది కాఫీగదిలోని ఆ ఒక్క కంప్యూటర్‌కే. దాన్ని వాడేది నలుగురు: లిదియా, విశాఖ నుంచి వచ్చిన బ్లాగర్లు డాలీ, లక్ష్మీప్రసాద్, ఆపైన కార్యదర్శి.

నూకరత్నం పళ్ళెం ఖాళీ చేశాకే లేచింది. ఆకలి కడుపుతో ఆలోచించడం ఆవిడకి చేతకాదు.

కాఫీగది హాలు పక్కనే. అక్కడ కాఫీ కాచే రత్నాలుకి ముప్పయ్యేళ్ళుంటాయి. తాళంచెవి కిటికీ మేకుకి వేలాడుతుందనీ, కంప్యూటర్ వాడేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసుననీ చెప్పింది.

“పది నించి నువ్వెక్కడ?”

“తాళమేసి బొమ్మకెల్లేనమ్మా. అందులో మా ఇంటి ముసలమ్మ కనకవ్వ పాట పాడింది. వారం కిందట పోయింది. పెద్దదినం సేసేదాకా పోయినోళ్ళ మొకం సూడ్డం మా ఇంట్లో నేదు. పొద్దున్న హాలు గుమ్మం కాడ ధర్మన్నకి సెప్పేను. అలాగే సెల్లీ అన్నాడు. మాట నిలబెట్టేడు.” రత్నాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “పదకొండుంపావుకి తిరిగొచ్చి తాళం తీసేను. పన్నెండు దాకా ఒక్కలూ రానేదు. అందరూ హాలు బయట ధర్మన్నతో మాటాడతా ఉండిపోయేరు.”

“ఊఁ,” అంది నూకరత్నం.

ఫల్గుణ ఈలోగా కంప్యూటర్‌లో లిదియా బ్లాగు తెరిపించాడు. నిన్న పెట్టిన ఫొటో చూసి అతనికి కేసు తేలిపోయిందనిపించింది. ముందు వరసలో పేర్ల కాగితాలు అంటించిన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనక గోడవారగా కొండ ఆడవాళ్ళు నిలబడి సినిమా చూస్తున్నారు. కింద ఒకే వాక్యం: ‘పేర్లు కూకున్నాయి, మనుషులు నిలబడ్డారు.’

“ఇది సెక్రటరీకి తగిలింది మేడమ్,” అన్నాడు గుసగుసగా. “ఆ కసితో ఈవిడ బ్లాగులో దూరేడు.”

నూకరత్నం కళ్ళద్దాలు సవరించుకుని ఫొటోని పెద్దది చేసింది. కుర్చీల మీది పేర్లు ఒక్కొక్కటే చదివింది. లిదియాని ఆ ఫొటో ఏ ఆటకి తీసిందో అడిగింది. నిన్న మధ్యాహ్నం రెండు గంటల ఆటకి అని లిదియా చెప్పింది. ఆవిడ మళ్ళీ “ఊఁ” అంది.

తర్వాత ఆవిడ మిగతా ముగ్గురినీ విడివిడిగా కలిసింది. ఎక్కడున్నారని గట్టిగా నిలదీస్తుందని ఫల్గుణ ఎదురుచూశాడు. ఆవిడ మాత్రం పెళ్ళికొచ్చిన చుట్టంలా ప్రతివాళ్ళనీ సినిమా ఎలా ఉందని అడిగింది. టైము చూస్తే రెండవుతోంది.

“బాగుంది కానీ నా వీడియో మొత్తం వేస్ట్ ఆంటీ!” డాలీ ఫోన్ ముందుకు చాపింది. “క్లైమాక్స్ తీద్దామని కెమెరా పట్టుకున్నా. చూడండి, నాలుగు నిమిషాలు నల్ల తెర, పాట వినిపిస్తోంది అంతే.”

సర్వేశ్వరరావు గడియారం చూసుకుంటూ జవాబు చెప్పాడు. “ఏం సినిమా అండీ! చివర్లో తెర ఆరిపోతే ప్రొజెక్టర్ పోయిందనుకుని పైకి పరిగెత్తాను. మెట్ల మీద మోకాలు కొట్టుకుంది. తీరా చూస్తే డైరెక్టరే ఆపించాడట. నాకు ముందే చెప్పొద్దూ?”

లక్ష్మీప్రసాద్ పన్నెండేళ్ళుగా ఉత్సవాల గురించి రాస్తున్న పెద్దమనిషి. శాలువా భుజాన సర్దుకుని, మెత్తగా మాట్లాడాడు.

“అద్భుతం మేడమ్. చివరి దృశ్యంలో ఆ ముసలమ్మ ముడతల ముఖం నా కళ్ళల్లోంచి పోవడం లేదు. ఇవాళే మొదటిసారి చూశాను. సినిమా అవగానే ఇక్కడికొచ్చి పదకొండు ఇరవైకల్లా సమీక్ష పెట్టేశాను. అందరికంటే ముందు పెట్టడం నా అలవాటు. పాపం లిదియా, చిన్నపిల్ల, తొందరపడింది. క్షమించి వదిలేయమని నేనే సెక్రటరీగారికి చెప్పాను.”

రెండున్నరకి నూకరత్నం అందర్నీ కాఫీగదికి పిలిపించింది. సినిమా తీసిన ధర్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సర్వేశ్వరరావు జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి లిదియా ముందు పెట్టాడు.

“ఆఖరిసారి చెబుతున్నానమ్మా. సంతకం పెట్టు, ఆట పడుతుంది. లేదంటే మీ జనం వెనక్కి పోవలసిందే.”

ఫల్గుణ ఊళ్ళ ఆట కోసం ఈ పిల్ల లొంగిపోతుందేమో అనుకున్నాడు. లిదియా కాగితాన్ని రెండు మడతలు పెట్టి ఆయన చేతికే ఇచ్చేసింది.

“నేను సంతకం పెడితే రేపు మా కొండోళ్ళు ఏటి రాసినా అబద్ధమే అంటారు. పెట్టను సార్. ఆట ఆపితే ఆపండి. ఆ రోడ్డు మీదే దుప్పటి కట్టుకుని సూత్తాం.”

“సంతకం పెట్టాల్సింది ఆ గుంటపిల్ల కాదులెండి,” అంది నూకరత్నం స్టూలు లాక్కుని కూర్చుంటూ. “ధర్మా, మీ సినిమా ఆఖర్న ఏటుంటాది?”

“కనకవ్వ మొకం. నాలుగు నిమిషాలు, పాటతో. ఈ పుస్తకం అట్ట మీద బొమ్మ అదే.” ఉత్సవం వాళ్ళు పంచిన చిన్న పుస్తకం చూపించాడు ధర్మ. “కానీ ఇయాళ ఎయ్యనేదు. బొమ్మ మొదలయ్యే అయిదు నిమిషాల ముందు రత్నాలు సెప్పింది. ఆఖర్న తెర ఆర్పేసి పాటే ఎయ్యమన్నాను.”

“ఆ సంగతి ముందు ఎవలికి తెలుసు?”

“రత్నాలుకీ, నాకూ, ప్రొజెక్టర్ కుర్రోడికీ.”

నూకరత్నం అందరి వైపూ చూసింది. “నల్ల తెర చూసి డాలీ గోలెట్టింది. సెక్రటరీగారు మోకాలు కొట్టుకున్నారు. హాల్లో ఉన్నోళ్ళకి సీకటే కనపడింది. మరి ఆ ముసలమ్మ మొకం కళ్ళల్లోంచి పోవట్లేదన్నది ఎవరు?”

లక్ష్మీప్రసాద్ శాలువా జారింది. ఎత్తుకోలేదు.

“మాట వరసకి అన్నాను. పుస్తకంలో బొమ్మ చూశాను కదా, కలిసిపోయింది.”

“అవును బాబూ. పుస్తకమే చూశారు. సమీక్ష ఇక్కడికొచ్చి పదకొండు ఇరవైకి పెట్టేనన్నారు. పదకొండుంపావు నించి పన్నెండు దాకా ఈ గదిలో రత్నాలు తప్ప ఎవలూ నేరు. మరి ఆ రాత దానంతటదే ఎల్లిందా? ఎల్లింది. ఫలానా టైముకి వెళ్ళేలా ముందే రాసి పెట్టుకోవచ్చు కదమ్మా డాలీ?”

“షెడ్యూల్ ఆంటీ. మేమందరం చేస్తాం.” డాలీ కంప్యూటర్ వైపు చూపించింది. “రాసిన టైము ఆయన అకౌంట్‌లో ఉంటుంది.”

“తెరవండి సార్,” అంది నూకరత్నం.

సర్వేశ్వరరావు కూడా గొంతు పెంచి చెబితేనే ఆయన తెరిచాడు. సమీక్ష భద్రం చేసిన టైము ఉదయం పది ముప్పై ఎనిమిది. అప్పటికి పక్క హాల్లో సినిమా ఇంకా సగంలోనే ఉంది.

“మిగతా అందరూ హాల్లో ఉన్నప్పుడు మీరు ఇక్కడ, ఇంటర్నెట్ ఉన్న ఒకే ఒక్క గదిలో, ఒంటరిగా ఉన్నారు. పన్నెండు నిమిషాల తర్వాత ఇదే కంప్యూటర్ నించి లిదియా పేరుతో ఆ పోస్టు ఎల్లింది. ఎందుకో కూడా సెప్పమంటారా?” ఆవిడ నిన్నటి ఫొటో తెరిచింది. “ఇది నిన్న రెండు గంటల ఆట. ఆ సినిమా గురించి మీ సమీక్ష సాయంత్రానికే వచ్చింది. మరి మూడో కుర్చీ మీద ఎవరి పేరుంది?”

ఫల్గుణ వంగి చదివాడు. లక్ష్మీప్రసాద్. ఆ ఫొటో తనూ చూశాడు, కార్యదర్శి మీది అనుమానంలో పేరు చదవనేలేదు. సిగ్గేసింది.

“ఆ పిల్లకి మీ సంగతి తట్టనే నేదు. నిలబడ్డ ఆడోళ్ళ కోసం తీసింది ఆ బొమ్మ. కానీ మీకు నిద్ర పట్టనేదు. రేపెవరైనా ఆ పేరు చదివితే? అందుకే ముందే ఆవిణ్ణి అబద్ధాలకోరుని చేసేస్తే సరి అనుకున్నారు.”

లక్ష్మీప్రసాద్ ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. “రోజుకి అయిదు సినిమాలు ఎవడు చూడగలడండీ? ముందు పెట్టకపోతే చదివేవాడు ఉండడు! పన్నెండేళ్ళు సంపాదించుకున్న పేరు! ఒక్క ఫొటోతో...”

“మీరు సూడకండి సార్,” అంది లిదియా. “సూసేనని మాత్రం రాయకండి. ఆ తెర ఆరిపోతే మా రత్నాలు ఎలా ఏడిసిందో మీకు తెలుసా? అది పుస్తకంలో నేదు.”

ఆయన శాలువా అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

సర్వేశ్వరరావు నుదురు తుడుచుకుని, బ్యాడ్జి తీసి లిదియా వైపు చాపాడు. “జరిగిందేదో జరిగిందమ్మా. ఆ దొంగ పోస్టు తీసెయ్. గొడవ ఇక్కడితో వదిలేద్దాం. మూడున్నర ఆట వేయిస్తాను.”

“పోస్టు తియ్యను.” ఆమె బ్యాడ్జి అందుకోలేదు. “ముందు ఆ కుర్సీల మీద పేర్లు మీరు తియ్యండి. మా వోళ్ళు ముందు వరసలో కూకుంటే అప్పుడు తీసుకుంటాను.”

ఆయన నూకరత్నం వైపు చూశాడు. ఆవిడ “ఊఁ” అంది.

మూడున్నరకి కొండదారిన వచ్చిన ఆటోలు ఖాళీ అయ్యాయి. సర్వేశ్వరరావు కుంటుకుంటూ వెళ్ళి కాగితాలు తనే పీకాడు. మూడో కుర్చీలో రత్నాలు కూర్చుంది. లిదియా బ్యాడ్జి మెళ్ళో వేసుకుని వెనక నేల మీదే చతికిలబడింది. నాలుగింటి రైలుకి టిక్కెట్టు ఉన్న నూకరత్నం కూడా దుప్పటి పరిపించుకుంది.

“మరి రైలు మేడమ్?” అన్నాడు ఫల్గుణ.

“సినిమా సూడకుండా కేసు తేల్చేనని రేపు ఈ గుంట రాసేస్తాది. కూకో.”

ఆట మొదలయ్యే ముందు కాఫీగదికి పరిగెత్తి లిదియా చేసిన పని ఫల్గుణ కళ్ళారా చూశాడు. దొంగ పోస్టుని ఆమె అక్షరం చెరపలేదు. దాని పైన మాత్రం ఇలా రాసి, ఈసారి మరిచిపోకుండా లాగౌట్ చేసి వచ్చింది:

‘కింద ఉన్నది నేను రాయలేదు. ఇది రాసినప్పుడు నేను సినిమా చూస్తున్నాను.’