తవుడుకు అమ్మిన బిడ్డ

పొద్దున్నే పొయ్యి మీద జావ కుతకుత ఉడుకుతోంది. మొగిలమ్మ గరిటె తిప్పుతోందే గాని, చెవి మాత్రం పక్కింటి గోడ మీదే ఉంది. గోడకు అవతల ఎవరో చేటతో చెరుగుతున్న చప్పుడు. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. ఇంటావిడ చిలుకమ్మ పోయింది, పెద్ద కర్మ కూడా అయిపోయింది. ఎలుకలని సరిపెట్టుకుందామంటే, ఎలుకలకు అంత తీరుబడిగా చెరగడం ఎవరు నేర్పుతారు?

గోడవారన చాప మీద పడుకున్న మొండయ్య కూడా అటే చూస్తున్నాడు. పాతికేళ్ల మనిషి. పుట్టుకతోనే కాళ్లూ చేతులూ వంకర తిరిగాయి. మెడ నిలవదు, మాట లేదు. ముద్ద పెడితే మింగుతాడు, పెట్టకపోతే ఆకలని చెప్పడం కూడా రాదు. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అతను నవ్వుతున్నాడు. మొగిలమ్మకు చప్పుడు కన్నా ఆ నవ్వే ఎక్కువ భయంగా ఉంది.

కూతురు కమల తర్వాత ఆమెకు పుట్టిన మగపిల్లలంతా పురిట్లోనే పోయారు. మొండయ్య పుట్టగానే పెద్దలు చెప్పినట్టు చేటలో తవుడు పోసి, బిడ్డను అందులో పొర్లించారు. చిలుకమ్మ దోసెడు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కుంది. వీడు ఈ ఇంటివాడు కాడని చావును ఏమార్చడానికి అదొక తంతు. అందరిళ్లలో అది ఒక్క పూట ముచ్చట, మర్నాటికి ఎవరి బిడ్డ వాళ్లదే. మొగిలమ్మ మాత్రం దాన్ని వదల్లేదు. రేషను కార్డులో చిలుకమ్మ కొడుకనే రాయించింది. భర్త కొమురెల్లి కాజీపేట రైల్వే లోకో షెడ్డులో ఖలాసీ కూలీ. ఆయన చేత కూడా సర్వీసు కాగితాల్లో ఒక్క కూతురే ఉందని రాయించింది. కడుపున పుట్టినవాణ్ణి తానే పెంచుతూ, అడిగిన వాళ్లందరికీ చిలుకమ్మ కొడుకనే చెప్పింది. భయానికి బుద్ధి ఉండదు మరి.

కొమురెల్లి నిరుడు కన్నుమూశాడు. ఇప్పుడు చిలుకమ్మ కూడా పోయింది.

జావ దించేసరికి అత్తగారి ఊరు మరిపెడ నుంచి మొదటి బస్సుకు కమల వచ్చింది. మొన్న హనుమకొండలో వకీలును కలిసి తెలుసుకున్నదంతా తల్లికి విడమరిచి చెప్పింది. మొగిలమ్మకు వస్తున్న ఫ్యామిలీ పింఛను, ఆమె తర్వాత ఇలాంటి బిడ్డకు బతికినన్నాళ్లు వస్తుందట. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మొండయ్య ఉన్నంత కాలం ఈ ఇల్లు అతనిదేనని వీలునామా రాయవచ్చు. అతని తరఫున చూసుకోవడానికి కోర్టులో గార్డియన్‌ను పెట్టించుకోవచ్చు, అది తానే ఉంటానని కమల భర్తను కూడా ఒప్పించి వచ్చింది. దారులైతే ఉన్నాయి. అయితే అన్నిటికన్నా ముందు, మొండయ్య తన కొడుకేనని మొగిలమ్మ నోటితో చెప్పి వేలిముద్ర వేయాలి. కమల ముందే పెట్టిన అర్జీ మీద ఈ మధ్యాహ్నమే రైల్వే వెల్ఫేర్ ఇన్‌స్పెక్టర్ సారంగపాణి విచారణకు ఇంటికి వస్తున్నాడు.

మొగిలమ్మ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"నేను చెప్ప బిడ్డా. ఆ మాట అన్న రోజే వాడు నాకు దక్కడు."

"పాతికేండ్లు అయింది అవ్వా. ఇంకా ఎవలను మోసం చేస్తవ్?"

"ముగ్గురిని మట్టిల పెట్టింది నేను. నువ్వు కాదు."

కమల గొంతులో పాత కోపమంతా పైకి వచ్చింది. చిన్నప్పుడు ఒకసారి వాణ్ణి తమ్మీ అని పిలిచినందుకు తల్లి కొట్టిన దెబ్బ ఆమె మరిచిపోలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది నీ కథ, అని దులిపేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"కొన్నామె పోయింది. రేపు నువ్వు పోతవ్. నేనుండంగ నేను చూస్త. నేను గూడ పోతే, ఎవల బిడ్డని వీనికి బుక్కెడు పెడ్తరు? ఏ కాయితం మీద మన మనిషిగ లేనోణ్ణి ఎవలు అడుగుతరే అవ్వా?"

గోడవతల చప్పుడు ఆగి, మళ్లీ మొదలైంది. ఈసారి కమల కూడా విన్నది. బయటికి వెళ్లి చిలుకమ్మ ఇంటి తాళం లాగి చూసి తిరిగొచ్చింది. అది వేసింది వేసినట్టే ఉంది.

సారంగపాణి చెప్పిన వేళకే వచ్చాడు. పెద్దమనిషి. మంచినీళ్లు తాగి, మొండయ్యను జాలిగా చూసి, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఈ అబ్బాయి ఎవరి కొడుకమ్మా?" అని అడిగాడు. మొగిలమ్మ తల వంచుకుంది.

"పక్కింట్లో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది. జర ఆగమంటరా, మాట వినిపించాలె" అన్నాడాయన మామూలుగా.

"ఆ ఇంట్ల ఎవ్వరు లేరు సార్" అంది కమల.

చప్పుడు దగ్గరైంది. మొండయ్య నవ్వుతూ, ఎన్నడూ లేనిది, వంకర చేతులను నేల మీద ఈడ్చుకుంటూ గోడ వైపు జరగడం మొదలుపెట్టాడు. మెడ నిలవని మనిషి తల ఎత్తి మరీ జరుగుతున్నాడు. అది చూసి మొగిలమ్మకు అర్థమైంది. తాను ఇన్నేళ్లు చావు వస్తుందని వాకిలి వైపు కాచుకు కూర్చుంది. వచ్చింది చావు కాదు. కొన్నావిడ తన సొమ్ము తీసుకుపోవడానికి వచ్చింది. అమ్మిన బిడ్డను ఆపడానికి అమ్మిన తల్లికి ఏం హక్కుంది?

ఆమె ఒక్క ఉదుటున వెళ్లి కొడుకును రెండు చేతులా ఒడిలోకి లాక్కుంది.

"చిలుకమ్మా, నీ తవుడు నీకే. నేను అమ్మలే, నువ్వు కొనలే. వీడు నా కొడుకు. నేనే కన్న."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. మొగిలమ్మ వేలిముద్ర వేస్తుంటే ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గోడవతల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

సారంగపాణి వెళ్లిపోయాక ఆమె కొడుకు ఛాతీ మీద చెవి ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దం చప్పుడు కన్నా భయంకరంగా ఉంది. ఊపిరి వస్తూనే ఉంది, పోతూనే ఉంది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కినా, ఆ ఊపిరి ఆగలేదు.

అప్పుడు లేచి పప్పన్నం మెత్తగా పిసికి తెచ్చింది.

"కొడుకా, నోరు తెరువు" అంది.

మొండయ్య నోరు తెరవలేదు. తల్లి ముఖం చూసి, కళ్లు తిప్పి గది మూలమూలా వెతికాడు. ఆ పిలుపు మరెవరికో అనుకున్నాడు. మొగిలమ్మకు గుండె చెరువైంది. చావును ఏమార్చాననుకుంది గాని, ఇన్నేళ్లూ ఏమారింది ఈ పిచ్చితండ్రి. తల్లి ఒడిలో పెరిగి కూడా తల్లి లేనివాడిగా బతికాడు.

చేతిలో ముద్ద పట్టుకుని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. కమల వచ్చి పక్కన కూర్చుంది. తల్లి భుజం నిమిరి, మొండయ్య చెంపను తన వైపు తిప్పుకుంది.

"తమ్మీ, అవ్వ నిన్నే పిలుస్తాంది" అంది.

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొగిలమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ పిలిచింది. మళ్లీ మళ్లీ పిలిచింది. అన్నం చల్లారిపోయాక, మెల్లగా, అనుమానంగా, అతను నోరు తెరిచాడు.