తుంచిన కొమ్మ

మంజులగిరి రాజ్యంలో పాతకాలపు రాజులు కట్టించిన మూడు దివాణాలు, వాటి చుట్టూ మూడు తోటలు ఉండేవి. ఏడాదికి ఒక్కరోజు, వేడుకగా, ప్రజలందరూ వాటిని తిరిగి చూడవచ్చు. ఏనుగులా, నెమలిలా, సింహంలా కత్తిరించిన పొదలను చూడటానికి పిల్లలు ఎగబడేవారు. అలాంటి తోటలు ఒక ఏడు, ఆ వేడుక మర్నాడే, నిలువునా ఎండిపోయాయి. ముసలి తోటమాలి భద్రయ్య నిలబడ్డచోటే రాయైపోయాడు. ఇది ఎవరి శాపమో రాజుకు అంతుపట్టలేదు.

కుమ్మరి పిల్ల కోనమ్మకు మాత్రం తెలుసు. వేడుక రోజున ఆమె మూడో తోటలో తెల్లపూల తీగ నుంచి ఒక కొమ్మ తుంచి కొంగున దాచింది. "అడిగి తెచ్చిన మొక్క బతకదే. అడక్కుండా తెచ్చిందే ఏపుగా పెరుగుతుంది" అని మేనత్త వీరమ్మ చెవిలో ఊదింది మరి! అన్నట్టే అది కుండలో గుబురుగా పెరిగి పూసింది. కానీ ఆ రోజు దాహమంటే తన ముంతలోని నీళ్లు పోసిచ్చిన భద్రయ్య గుర్తొస్తే కోనమ్మకు ముద్ద దిగేది కాదు. చివరికి కుండను నెత్తిన పెట్టుకుని, అడవి దాటి బయలుదేరింది.

మొదటి తోట వాకిట ఎండుటాకుల ఏనుగు తొండం అడ్డం పెట్టింది.

"ఆ మొక్క ఎక్కడిది పిల్లా?"

"దారిలో దొరికింది" అంది కోనమ్మ తడబడుతూ.

ఏనుగు దారి వదిలింది గాని, కుండ రెండింతలు బరువెక్కింది.

రెండో తోటలో నెమలి అదే అడిగింది. "మా అత్త తెమ్మంది" అని కోనమ్మ సగం నిజం చెప్పింది. ఈసారి మెడ విరుగుతుందేమో అన్నంత బరువైంది. ఆమె పడుతూ లేస్తూ మూడో తోట చేరి, సింహం ముందు కూలబడింది.

"ఎక్కడిది?" అని సింహం గర్జించింది.

"ఈ తోటదే. దొంగిలించాను. చెప్పింది అత్తే అయినా తుంచింది నా చెయ్యే" అని కోనమ్మ భోరుమంది.

"ఆ మాట వినవలసినవాడు లోపలున్నాడు, వెళ్లు" అంది సింహం.

ఇప్పుడు కుండ తేలిగ్గా లేచింది. కోనమ్మ మొక్కను పాత తీగ మొదలు పక్కనే నాటి, భద్రయ్య రాతి పాదాల మీద పడింది.

"తాతా, నీ తోట పాడుచేసింది నేనే!"

రాతి వేళ్లు కదిలి ఆమె తల నిమిరాయి. "ఓసి పిచ్చితల్లీ! అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి గదే!" అన్నాడు భద్రయ్య.

తిట్టినా బాగుండేదనిపించింది కోనమ్మకు. తోటలన్నీ చిగురిస్తున్నా ఆమె తల ఎత్తలేకపోయింది.

రాజు ఆమెను దండించలేదు. భద్రయ్య కోరిక మీద మూడు తోటల బాధ్యతా అప్పగించాడు. మరుసటి ఏడు వేడుకకు వీరమ్మ కూడా వచ్చింది. ఎవరూ చూడటం లేదనుకుని తెల్లపూల తీగ మీద చెయ్యి వేసింది.

"అడుగత్తా" అంది వెనక నుంచి కోనమ్మ.

వీరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఒక కొమ్మ ఇస్తావటే?" అంది నేల చూపులు చూస్తూ.

కోనమ్మ తన చేత్తో చేసిన చిన్న కుండలో కొమ్మను నాటి ఇచ్చింది. అది అత్త ఇంట్లో అంతే ఏపుగా పెరిగింది.